ఊరి మీదుగా పోయే హైవేకు వేగ పరిమితిని పెట్టేది ఎవరు, మార్చేది ఎవరు?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. డాలస్‌కు ఉత్తరాన ఒక కొత్త కాలనీ. గేటు దాటగానే ఎఫ్ఎం రోడ్డు (ఒక రకం రాష్ట్ర రహదారి), దానిమీద పరిమితి గంటకు 55 మైళ్ళు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు సాయంత్రం నడకకు వెళ్ళాలంటే ఆ రోడ్డు దాటాలి. ఈ మధ్య అక్కడ ప్రమాదాలు జరిగాయి. పరిమితిని 40కి తగ్గించాలని కాలనీ వాళ్ళంతా సంతకాలు పెట్టి అర్జీ ఇస్తే సిటీ వాళ్ళు “అది రాష్ట్రం రోడ్డు” అన్నారు. టెక్స్‌డాట్‌కు, అంటే టెక్సాస్ రవాణా శాఖకు రాస్తే “సిటీ అడగాలి, ఆపైన సర్వే చేయాలి” అన్నారు. అసలు నిర్ణయం ఎవరిది, ఇంతమంది సంతకాలకు విలువ లేదా అని అడిగారు.

నేను టెక్సాస్‌లో ట్రాఫిక్ ఇంజనీరుగా మొదట ఒక సిటీలోనూ, తర్వాత కన్సల్టెంటుగానూ చాలాకాలంగా ఈ పనిలోనే ఉన్నాను. ఇద్దరూ మీకు అబద్ధం చెప్పలేదు, అలాగని పూర్తి నిజమూ చెప్పలేదు. సిటీ పరిధిలో ఉన్న రాష్ట్ర రహదారికి పరిమితిని చట్టంగా చేసేది సిటీ కౌన్సిలే. ఆ చట్టంలో ఏ అంకె రాయాలో తేల్చేది ఇంజనీరింగ్ సర్వే. ఆ సర్వేలో ఓట్లు వేసేదేమో ఆ రోడ్డుమీద బండి నడిపేవాళ్ళు. మీ సంతకాలు సర్వే మొదలుపెట్టించగలవు గానీ అంకెను మార్చలేవు. సర్వే మొదలయ్యాక అది మీకు అనుకూలంగానే వస్తుందన్న హామీ కూడా లేదు. అందుకే ఇంకో అర్జీ పెట్టే ముందు ఈ సమాధానం చివరిదాకా చదవండి.

అన్నిటికన్నా ముందు రోడ్డు ఎవరిదో తెలుసుకోవాలి. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి ముందునుంచి పోయే ఇండిపెండెన్స్ పార్క్‌వే సిటీది. దానికి పడమరగా పోయే ప్రెస్టన్ రోడ్డు ఎస్‌హెచ్ (స్టేట్ హైవే) 289, అది రాష్ట్రానిది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, అవే విశాలమైన లేన్లు, మధ్యలో అదే గడ్డి డివైడరు. గుర్తుపట్టడానికి బోర్డు చూడాలి. నల్లటి చదరంలో తెల్లటి టెక్సాస్ పటం, అందులో ఒక అంకె ఉంటే అది ఎఫ్ఎం రోడ్డు, అంటే ఫార్మ్ టు మార్కెట్. పొలం నుంచి సరుకు పట్నం చేరడానికి వేసిన రోడ్లు ఇవి. మొదటిది 1937లో రస్క్ కౌంటీలో వచ్చింది. 1949లో కోల్సన్-బ్రిస్కో చట్టంతో నిధులు కుదిరాక రాష్ట్రమంతటా అల్లుకుపోయాయి. ఇవాళ టెక్సాస్ రాష్ట్ర రహదారుల్లో సగానికి పైగా నిడివి వీటిదే. పత్తి బండ్లకోసం వేసిన రెండు లేన్ల దారి పక్కన ఇప్పుడు వేల ఇళ్ళు, బడులు, ఇండియన్ కిరాణా దుకాణాలు లేచాయి. రోడ్డు చుట్టూ ఊరు మారినా దానిమీద హక్కు మాత్రం రాష్ట్రం దగ్గరే ఉండిపోయింది. మీ చిక్కంతా ఇక్కడే మొదలైంది.

రెండో విషయం చాలామందికి తెలియదు. మీ చిరునామాలో ఏదో ఒక ఊరి పేరు ఉన్నంతమాత్రాన మీరు ఆ సిటీ పరిధిలో ఉన్నట్టు కాదు. అది పోస్టాఫీసు రాసుకున్న పేరు మాత్రమే. ఉత్తర డాలస్ శివార్లలో ఎన్నో కాలనీలు సిటీ హద్దు బయట, కౌంటీ నేలమీద ఉన్నాయి. అలాంటి చోట కౌన్సిల్‌కు ఏ అధికారమూ లేదు. రాష్ట్ర రవాణా కమిషన్ తన సమావేశంలో చేసే ఉత్తర్వుతోనే పరిమితి మారుతుంది. కౌంటీ కమిషనర్ల కోర్టు (పేరు కోర్టయినా అది కౌంటీ పాలకమండలి) ఉంటుంది గానీ దాని మాట కౌంటీ రోడ్లమీదే చెల్లుతుంది, ఎఫ్ఎం రోడ్డుమీద కాదు. మరీ చిత్రం ఏమిటంటే, ఒకే రోడ్డు అరమైలు సిటీలో, అరమైలు బయట, మళ్ళీ సిటీలో నడుస్తుంది. ఆ ముక్కముక్కకూ చట్టం చేసే చేతులు వేరు. సిటీ వెబ్‌సైటులో హద్దుల పటం ఉంటుంది. ముందు అది తీసి మీ గేటు ఎక్కడ పడుతుందో చూడండి.

ఇక చట్టం సంగతి. టెక్సాస్ రవాణా కోడ్ 545వ అధ్యాయంలో ఇదంతా ఉంది. ఎవరూ ఏ నిర్ణయమూ చేయకపోతే ఊళ్ళో జనావాసాల మధ్య వీధులకు 30 మైళ్ళు, ఊరి బయట నంబరున్న హైవేకు 70 మైళ్ళు. ఎఫ్ఎం రోడ్లు ఈ 70 మైళ్ళ కోవలోకే వస్తాయి. దీన్ని మార్చాలంటే “ఇంజనీరింగ్, ట్రాఫిక్ పరిశోధన” చేసి తీరాలని చట్టమే చెబుతోంది. రాష్ట్ర కమిషన్‌కు 545.353, సిటీలకు 545.356 ఈ అధికారం ఇస్తాయి, ఇదే షరతుతో. ఒక మినహాయింపు ఉంది: సిటీ తన సొంత రెండు లేన్ల, డివైడరు లేని వీధులకు ఈ పరిశోధన లేకుండానే, 30 సురక్షితం కాదని కౌన్సిల్ భావిస్తే 25 దాకా దించవచ్చు. పక్క కాలనీ లోపల 25 బోర్డులు వెంటనే వచ్చేశాయని, మీకు మాత్రం రావడం లేదని బాధపడుతున్నారు కదా, కారణం ఇదే. ఆ మినహాయింపు రాష్ట్ర రహదారికి వర్తించదు.

మన వైపు పెరిగినవాళ్ళకు ఈ ఏర్పాటు వింతగా తోస్తుంది. అక్కడ 1988 మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ ప్రకారం ఏ తరగతి వాహనానికి గరిష్ఠ వేగం ఎంతో కేంద్రం ప్రకటిస్తుంది. దానికి లోబడి ఫలానా రోడ్డుమీద తగ్గించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది, లేదా అది అధికారం ఇచ్చిన సంస్థది. ప్రజల భద్రతకోసమో, రోడ్డు లేదా వంతెన తీరును బట్టో అవసరమని వాళ్ళకు తోస్తే చాలు. నెల మించని పరిమితికి గెజిట్ ప్రకటన కూడా అక్కర్లేదు. అంటే అక్కడ అంకె పైనుంచి కిందికి దిగుతుంది. ఇక్కడ రోడ్డుమీది నుంచి పైకి పోతుంది.

ఎలా పోతుందో చూడండి. టెక్స్‌డాట్‌కు ఈ పనికోసం ఒక పద్ధతుల పుస్తకం ఉంది, చట్టం దాన్నే పాటించమంటుంది. కొలిచే మనిషి మామూలు కారులో, రోడ్డుకు కాస్త ఎడంగా, డ్రైవర్ల కంట పడకుండా కూర్చుంటాడు. పసుపు చొక్కా, మెరిసే లైట్లు కనబడితే అందరూ బ్రేకు తొక్కుతారు, ఆ కొలత దేనికీ పనికిరాదు. చేతిలో రాడార్ గన్ను, ఒళ్ళో ఒక కాగితం. కాగితంమీద వేగాలు పైనుంచి కిందికి అచ్చేసి ఉంటాయి. కారు వెళ్ళిన ప్రతిసారీ ఆ వేగం ఎదురుగా ఒక గీత. ఒక్కో దిశలో 125 కార్లు గీయాలి. ట్రక్కులు, బస్సులు లెక్కలోకి రావు, వాటిని విడిగా రాసుకుంటారు. వరసగా నాలుగు కార్లు ఒకదాని వెనక ఒకటి వస్తే మొదటిదాన్నే గీస్తారు. వెనక ఉన్నవి ముందున్నదాని వేగంతో పోతాయి తప్ప తమ ఇష్టంతో పోవు కదా. ఈ రోజుల్లో చాలాచోట్ల రోడ్డుమీద రబ్బరు గొట్టాలు పరిచి యంత్రంతో లెక్కిస్తున్నారు, సూత్రం మాత్రం అదే.

ఇదంతా మామూలు పనిరోజున, వాన లేనప్పుడు, రద్దీ లేని వేళ చేస్తారు. మీ అమ్మానాన్నలు రోడ్డు దాటే సాయంత్రపు గజిబిజిలో కొలవరు. ఖాళీ రోడ్డుమీద మనిషి తనకు తోచిన వేగంతో వెళుతున్నప్పుడు ఎంత పోతున్నాడన్నదే వాళ్ళకు కావాలి. కాబట్టి “సాయంత్రం ఆరింటికి వచ్చి చూడండి, ఎంత ఘోరమో” అని రాసిన ఉత్తరం వల్ల సర్వే ఫలితం మారదు.

గీతలు పూర్తయ్యాక కింది నుంచి, అంటే నెమ్మదిగా పోయినవాళ్ళ నుంచి లెక్కపెట్టుకుంటూ పోతారు. 125లో 85 శాతం అంటే 106వ కారు. అది ఎంత వేగంతో వెళ్ళిందో అదే 85వ పర్సెంటైల్ వేగం. జేఈఈ రాసినవాళ్ళకూ, పిల్లలచేత రాయించినవాళ్ళకూ పర్సెంటైల్ గురించి నేను చెప్పాల్సిన పని లేదు, ఇదీ అదే లెక్క. ఆ అంకెను దగ్గర్లోని అయిదు గుణిజానికి సరిచేస్తే పరిమితికి మూలం దొరుకుతుంది. ఊళ్ళలో ఈ కొలతను పావుమైలుకొక చోట తీస్తారు. అన్నిటినీ, ప్రమాదాలనూ, వంపులనూ కలిపి పొడవాటి పటం ఒకటి గీస్తారు. దాన్ని స్ట్రిప్ మ్యాప్ అంటారు. మీరు అడగాల్సిన కాగితం అదే.

వేగంగా పోయేవాళ్ళను అదుపు చేయడానికి వేగంగా పోయేవాళ్ళనే అడగడం ఏమిటని మీకు అనిపిస్తుంది. ఈ పద్ధతికి రెండు వాదనలున్నాయి. ఒకటి, చాలామంది డ్రైవర్లు బుద్ధిగలవాళ్ళే, రోడ్డు చూసి ఎంత పోవచ్చో వాళ్ళే గ్రహిస్తారన్న నమ్మకం. రెండు, 1964లో డేవిడ్ సోలమన్ అమెరికా గ్రామీణ హైవేలమీద చేసిన అధ్యయనం. అందరి సగటు వేగానికి బాగా పైన పోయేవాళ్ళూ, బాగా కింద పోయేవాళ్ళూ ఎక్కువగా ప్రమాదాల్లో పడుతున్నారని అది తేల్చింది. అందుకే అందరినీ ఒకే వేగానికి దగ్గరగా ఉంచడం మంచిదనుకున్నారు. జనం పాటించని అంకెను బోర్డుమీద రాస్తే కొందరు పాటిస్తారు, కొందరు పాటించరు, వేగాల మధ్య తేడా పెరుగుతుంది. ఈ వాదనలో పస లేదనలేను. 1974లో చమురు కొరత రోజుల్లో దేశమంతటికీ 55 మైళ్ళ పరిమితి పెట్టినప్పుడు టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో జనం దాన్ని ఎంత తేలిగ్గా తీసుకున్నారో పాతకాలం ఇంజనీర్లు ఇప్పటికీ చెబుతుంటారు. ఆ చట్టాన్ని 1995లో ఎత్తేశారు. ఇదే టెక్సాస్‌లో 2012లో ఆస్టిన్, సెగీన్‌ల మధ్య ఎస్‌హెచ్ 130 టోల్ రోడ్డుమీద 85 మైళ్ళ బోర్డు పెట్టారు, దేశంలో అదే అత్యధికం. మీరు అర్జీ పెట్టింది ఇలాంటి రాష్ట్రంలో అని గుర్తుంచుకోండి.

కానీ సోలమన్ చూసింది పొలాల మధ్య పోయే హైవేలను. అక్కడ గేటులోంచి బయటికొచ్చే తాతయ్య లేడు, సైకిలుమీద పిల్లవాడు లేడు. కారులో ఉన్నవాడికి రోడ్డు ఎంత సురక్షితంగా తోస్తుందో 85వ పర్సెంటైల్ చెబుతుంది. కారు బయట ఉన్నవాళ్ళ సంగతి దానికి పట్టదు. రోడ్డు భద్రతమీద పరిశోధించే ఏఏఏ ఫౌండేషన్ 2011లో ఇచ్చిన లెక్కలు చూడండి: కారు తగిలిన పాదచారి చనిపోయే అవకాశం 23 మైళ్ళ దగ్గర పదింట ఒకటి, 32 దగ్గర నాలుగింట ఒకటి, 42 దగ్గర సగం, 50 దగ్గర నాలుగింట మూడు. పరిమితి 55 నుంచి 50కి దిగిందని కాలనీ అంతా మిఠాయిలు పంచుకున్నా, రోడ్డు దాటే మనిషికి ఒరిగేది తక్కువే.

ఈ విమర్శ ఇంజనీర్లలోనూ ఉంది. 2017లో జాతీయ రవాణా భద్రతా బోర్డు 85వ పర్సెంటైల్‌మీద ఇంతగా ఆధారపడవద్దని సిఫారసు చేసింది. 2023 డిసెంబరులో వచ్చిన ఫెడరల్ ట్రాఫిక్ గుర్తుల మాన్యువల్ 11వ కూర్పు, చుట్టూ ఉన్న నేల వాడకం, పాదచారులు, ప్రమాదాల చరిత్ర కూడా పరిగణించాలని గట్టిగా చెప్పింది. కాలిఫోర్నియా 2021లో ఏబీ 43 అనే చట్టంతో కొన్ని రకాల వీధుల్లో సర్వే అంకెకు కింద పెట్టుకునే వెసులుబాటు ఇచ్చింది. టెక్సాస్ పద్ధతుల్లో చాలాకాలంగా ఉన్న వెసులుబాటు ఇంకో రకం. ఇంజనీరు సరైన కారణం చూపగలిగితే 85వ పర్సెంటైల్ కన్నా 10 మైళ్ళ దాకా, ప్రమాదాల రేటు రాష్ట్ర సగటును మించితే 12 మైళ్ళ దాకా తగ్గించవచ్చు. కారణాలు కూడా ఆ పుస్తకమే చెబుతుంది: ఇరుకైన రోడ్డు, వంపులు, మిట్టలు, కనబడని డ్రైవ్‌వేలు (ఇళ్ళలోంచి రోడ్డుమీదికి వచ్చే దారులు), డ్రైవ్‌వేలు మరీ దగ్గరదగ్గరగా ఉండటం, గీత గీసిన షోల్డరు (రోడ్డు అంచున బండి ఆపుకునే తావు) లేకపోవడం, ప్రమాదాల చరిత్ర. మీ అర్జీ నాకు పంపారు, చదివాను. “పిల్లల ప్రాణాలు”, “మానవత్వం” అని మూడుచోట్ల ఉంది. ఈ కారణాల్లో ఒక్కటి కూడా లేదు. సర్వే చేసే ఇంజనీరుకు మానవత్వం ఉండే ఉంటుంది, కానీ స్ట్రిప్ మ్యాప్‌లో దానికి గడి లేదు. గేటుకు ఇటూ అటూ పావుమైలులో ఎన్ని డ్రైవ్‌వేలున్నాయి, మిట్ట ఎక్కితే గానీ కనబడని గేటు ఏది, షోల్డరు ఎక్కడ ఆగిపోయింది, ఇవి ఫొటోలతో సహా రాయండి. మినహాయింపు ఇవ్వాలనుకునే ఇంజనీరుకు ఫైల్లో పెట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా.

ప్రమాదాల లెక్క మీరే తీయవచ్చు. టెక్స్‌డాట్ నడిపే క్రిస్ అనే ప్రమాదాల రికార్డును ఎవరైనా ఇంటర్నెట్‌లో వెతకవచ్చు. రోడ్డు పేరు, ఏళ్ళు ఇస్తే జాబితా వస్తుంది. కాలనీ వాట్సాప్ గ్రూపులో చెప్పుకున్న ప్రమాదాల్లో సగం అందులో ఉండవు, ఎందుకంటే పోలీసు రిపోర్టు రాయనివి రికార్డులోకి ఎక్కవు. కార్లు చిన్నగా గుద్దుకుంటే ఇన్సూరెన్సు కార్డులు మార్చుకుని ఇంటికి వెళ్ళిపోవడం మనవాళ్ళకు అలవాటు. ఒకరినొకరు ఇబ్బంది పెట్టుకోకూడదన్న మర్యాద అది. కానీ రిపోర్టు లేని ప్రమాదం జరగనట్టే లెక్క.

ఇప్పుడు అసలు భయం చెబుతాను. సర్వే అడిగితే పరిమితి పెరగవచ్చు. నేను పనిచేసిన ఒక చిన్న పట్టణంలో జనం 45 ఉన్నచోట 35 కావాలని పట్టుబట్టి కౌన్సిల్‌చేత సర్వే అడిగించారు. కొలిస్తే 85వ పర్సెంటైల్ 50 దాటింది. కనీసం 15 శాతం మంది 50కి పైనే పోతున్నారన్న మాట. నివేదిక 50 అని సిఫారసు చేసింది. కౌన్సిల్ ఆ సిఫారసును ఆమోదించనూ లేదు, తిరస్కరించనూ లేదు, ఎజెండాలోకే రానివ్వలేదు. పాత 45 అలాగే నిలిచింది. అయితే ఆ నివేదిక పబ్లిక్ రికార్డయింది. ఆ తర్వాత టికెట్టు పడినవాళ్ళు కోర్టులో దాన్నే పట్టుకొచ్చారు. టెక్సాస్‌లో ఇది సాధ్యం, ఎందుకంటే ఇక్కడి పరిమితి “ప్రైమా ఫేసీ” పరిమితి. దాన్ని దాటడం మీ వేగం సమంజసం కాదనడానికి ప్రాథమిక సాక్ష్యం మాత్రమే, ఆ పరిస్థితుల్లో సమంజసమే అని వాదించుకునే హక్కు డ్రైవరుకు ఉంటుంది. కాబట్టి అధికారికంగా అడగకముందే ఒక మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం గేటు దగ్గర కాసేపు కూర్చుని చూడండి. ఫోనులోని యాప్‌లు సరిగ్గా కొలవవు గానీ మీరే కారులో 55లో వెళితే ఎంతమంది మిమ్మల్ని దాటిపోతున్నారో చూస్తే గాలి ఎటు వీస్తోందో అర్థమవుతుంది. అందరూ దాటిపోతుంటే సర్వే అడగకండి. వేరే దారి ఉంది, దాని గురించి కింద రాస్తాను.

సర్వే అనుకూలంగా వచ్చిందనుకోండి. టెక్స్‌డాట్ జిల్లా కార్యాలయం స్ట్రిప్ మ్యాప్‌ను సిటీకి పంపుతుంది. కాలిన్, డెంటన్ కౌంటీలకు ఆ జిల్లా డాలస్, కార్యాలయం మెస్కీట్‌లో ఉంది. సిటీ అటార్నీ ఆర్డినెన్సు (సిటీ కౌన్సిల్ చేసే చట్టం) ముసాయిదా రాస్తాడు, ఫలానా స్తంభం నుంచి ఫలానా స్తంభం దాకా ఇంత అని అందులో ఉంటుంది. కౌన్సిల్ ఓటు వేస్తుంది. ప్రతి ఎజెండా అంశంమీదా జనం మాట్లాడే హక్కు టెక్సాస్ చట్టంలోనే ఉంది, దాన్ని వాడుకోండి. ఆమోదించిన ఆర్డినెన్సు ప్రతి తిరిగి టెక్స్‌డాట్‌కు వెళ్ళాక వాళ్ళ మనుషులు వచ్చి బోర్డులు మారుస్తారు. బోర్డు నిలిచాకే కొత్త పరిమితి అమల్లోకి వస్తుంది. ఆర్డినెన్సు లేని బోర్డుకు, బోర్డు లేని ఆర్డినెన్సుకు కోర్టులో బలం ఉండదు. మీ రోడ్డుమీది 55కు మూలమైన ఆర్డినెన్సు ఎప్పటిదో సిటీ సెక్రటరీని పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద అడగండి. ఒక్కోసారి అది కాలనీలు రాకముందు, చుట్టూ మొక్కజొన్న ఉన్నరోజుల్లో చేసినదై ఉంటుంది. అప్పుడు “పరిస్థితులు మారాయి, మళ్ళీ కొలవండి” అనడానికి మీకు గట్టి ఆధారం దొరుకుతుంది.

వంపుల దగ్గర కనిపించే పసుపు బోర్డులు పరిమితులు కావు, సలహాలు. వాటికి ఆర్డినెన్సు అక్కర్లేదు.

డబ్బుకోసమే తగ్గిస్తారన్న అనుమానం మీ ప్రశ్న కింద ఒకరు వెలిబుచ్చారు. పూర్వం అలాంటి ఊళ్ళు లేకపోలేదు. అందుకే అయిదు వేలలోపు జనాభా ఉన్న సిటీ తన ఏడాది ఆదాయంలో ట్రాఫిక్ జరిమానాల వాటా 30 శాతం మించితే, మించినదంతా రాష్ట్ర ఖజానాకు కట్టాలన్న నియమం పెట్టారు. వేగాన్ని పట్టే కెమెరాలను సిటీలు వాడకుండా రాష్ట్రం 2007లోనే నిషేధించింది. అంటే టెక్సాస్‌లో పరిమితిని అమలు చేయాలంటే కారులో ఒక పోలీసు కూర్చోవాల్సిందే. రోజంతా ఒక అధికారిని మీ గేటు దగ్గర కూర్చోబెట్టేంత మంది ఏ శివారు ఊళ్ళోనూ లేరు.

బోర్డు మార్చినంతమాత్రాన వేగం తగ్గుతుందా? కొంత తగ్గుతుంది, మనం ఆశించినంత కాదు. బోస్టన్ 2017 జనవరిలో ఊరంతా మామూలు పరిమితిని 30 నుంచి 25కి తగ్గించింది. ఇన్సూరెన్సు సంస్థల భద్రతా పరిశోధన సంస్థ కొలిచి చూస్తే సగటు వేగం దాదాపు కదల్లేదు. కానీ 35 దాటి దూసుకుపోయేవాళ్ళ అవకాశాలు 29 శాతం తగ్గాయి. అది చిన్న లాభం కాదు. అయితే బోస్టన్ వీధులు ఇరుకు, మలుపులు ఎక్కువ. మీ ఎఫ్ఎం రోడ్డు తిన్నగా, కనుచూపు మేర ఖాళీగా ఉంటుంది. పన్నెండడుగుల లేను, పక్కన షోల్డరు, అడ్డం ఏమీ లేకపోతే కాలు తనంతట తానే నొక్కుతుంది.

అందుకే నా సలహా అంకె వెంట పడవద్దని. మీకు కావాల్సింది అమ్మానాన్నలు రోడ్డు దాటడం. దానికి నేరుగా అడగండి: గేటు దగ్గర సిగ్నలు, లేదా పాదచారి బటన్ నొక్కితే ఎర్రలైటు వెలిగే హైబ్రిడ్ బీకన్, మధ్యలో ఆగి నిలబడేందుకు డివైడరులో తావు, రెండువైపులా నడకదారి. సిగ్నలుకు కూడా వారెంట్లు అనే కొలమానాలున్నాయి, వాహనాల సంఖ్య, దాటేవాళ్ళ సంఖ్య, ప్రమాదాలు లెక్కలోకి వస్తాయి. అక్కడ మాత్రం రద్దీ వేళే కొలుస్తారు, దాటేవాళ్ళను మనుషులుగా లెక్కపెడతారు. మీ సాయంత్రపు గజిబిజి అక్కడ సాక్ష్యంగా పనికొస్తుంది. సిగ్నలు వచ్చాక ఆ ముక్కలో వేగాలు కూడా దిగవచ్చు, అలా దిగితే రెండు మూడేళ్ళ తర్వాత సర్వే అడిగినప్పుడు తగ్గిన అంకె రావచ్చు.

బడి దగ్గరుంటే ఇంకో తలుపు ఉంది. 545.357 ప్రకారం బడి పాలకమండలి కోరితే సిటీ ఏడాదికి ఒక్కసారైనా ఆ బడి దగ్గరి రోడ్ల పరిమితులమీద బహిరంగ విచారణ జరిపి తీరాలి, రాష్ట్ర రహదారి అయినా సరే. కోరాల్సింది తల్లిదండ్రులు కాదు, పాలకమండలి. కాబట్టి మీ సంతకాల కాగితాన్ని సిటీకి బదులు స్కూల్ బోర్డుకు పట్టుకెళ్ళండి.

అన్నిటికన్నా పెద్ద అవకాశం రోడ్డు వెడల్పు చేసేటప్పుడు వస్తుంది. ఉత్తర శివార్లలో రెండు లేన్ల ఎఫ్ఎం రోడ్లను నాలుగు, ఆరు లేన్లుగా మారుస్తున్నారు. దానికి ముందు టెక్స్‌డాట్ బహిరంగ సమావేశాలు పెట్టి బోర్డులమీద పటాలు అతికిస్తుంది. ఆ పటం మూలన చిన్న అక్షరాల్లో “డిజైన్ స్పీడ్” అని ఒక అంకె ఉంటుంది. దాన్ని ఎవరూ చూడరు. జనమంతా తమ ప్రహరీగోడ ఎంత పోతుందో, శబ్దం ఆపే గోడ కడతారా లేదా అని అడుగుతారు. లేన్ల వెడల్పు, వంపుల గుండ్రదనం, సిగ్నళ్ళ మధ్య దూరం అన్నీ ఆ చిన్న అంకెనుబట్టే గీస్తారు. రోడ్డు పూర్తయ్యాక జనం అందుకు తగ్గట్టే నడుపుతారు, అప్పుడు రాడార్ గన్నుతో కొలిస్తే వచ్చేది దానికి దగ్గరదగ్గరే. 55కు గీసిన రోడ్డుమీద 40 బోర్డు కోసం పదేళ్ళు పోరాడే బదులు, పటం మీద ఉన్నప్పుడే ఆ అంకెను ప్రశ్నించడానికి ఒక సాయంత్రం ఖర్చు పెట్టండి. రాతపూర్వకంగా ఇచ్చిన ప్రతి వ్యాఖ్యకూ టెక్స్‌డాట్ ప్రాజెక్టు రికార్డులో చోటు ఉంటుంది.

ఇక “రోడ్డును సిటీయే తీసేసుకోవచ్చు కదా” అన్న ప్రశ్న. తీసుకోవచ్చు, కొన్నిచోట్ల జరిగింది కూడా. ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ నగరం 82వ అవెన్యూ కోసం ఏళ్ళ తరబడి అడిగింది. 2021 ఏప్రిల్‌లో ఆ రోడ్డుమీద ఇద్దరు పాదచారులు చనిపోయాక కదలిక వచ్చింది, పరిమితి 30కి దిగింది, 2022 జూన్‌లో రోడ్డు నగరం చేతికి వచ్చింది. టెక్సాస్‌లో కథ వేరే రకంగా నడిచింది. శాన్ ఆంటోనియోలో బ్రాడ్‌వే వీధి ముక్కను రాష్ట్రం నగరానికి అప్పగించే ఒప్పందం కుదిరింది. అక్కడ లేన్లు తగ్గించి నడకదారులు వెడల్పు చేయాలని నగరం ప్రణాళిక వేసుకుంది, అందుకు నిధులు సేకరించే బాండ్లకు జనం ఓటు కూడా వేశారు. 2022 జనవరిలో రాష్ట్ర రవాణా కమిషన్ ఆ అప్పగింతను రద్దు చేసి వీధిని వెనక్కి తీసుకుంది. లేన్లు తగ్గడం రాష్ట్రానికి ఇష్టం లేకపోయింది. పైగా రోడ్డు తీసుకుంటే గుంతలు పూడ్చడం, వంతెనల మరమ్మతు, సిగ్నళ్ళు అన్నీ సిటీ పన్నులమీదే పడతాయి. మీ కౌన్సిల్ సభ్యుడు ఈ మాట ఎత్తగానే తల అడ్డంగా ఊపితే కారణం అదే.

మీ విషయంలో నేనయితే ఈ వరసలో వెళతాను: హద్దుల పటం, క్రిస్ జాబితా, పాత ఆర్డినెన్సు, ఆ రోడ్డుకు వెడల్పు ప్రాజెక్టు ఏదైనా ఉందా అని టెక్స్‌డాట్ ప్రాజెక్టుల పటంలో వెతకడం. ఈ నాలుగూ చేతికొచ్చేదాకా ఎవరికీ ఉత్తరం రాయను. ఆ తర్వాత సిటీ ట్రాఫిక్ ఇంజనీరును, కౌన్సిల్ సభ్యుణ్ణి కాదు, పగటిపూట ఫోను చేసి కలుస్తాను. ఆయనకు మీ రోడ్డుమీద 85వ పర్సెంటైల్ ఎంతో ఉజ్జాయింపుగా ముందే తెలిసి ఉంటుంది. అధికారికంగా అడగకుండా, “సర్వే అడిగితే మాకు మేలా, కీడా” అని అడగండి. చాలామంది నిజమే చెబుతారు. మీ గేటు సిటీ హద్దు లోపలా బయటా అన్నది, రోడ్డు నంబరు ఇక్కడ రాస్తే ఆ ముక్కకు ఏ దారి దగ్గరో ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.